పాత యింటి స్నానపుగది

60, 70 ఏండ్ల క్రిందట మన పల్లెలలో కట్టిన పెంకుటిండ్లలో స్నానపుగదియు మరుగుదొడ్డియు తరచుగా పెరటి చివర నుండును. వంటయింటి గుమ్మము దాటి, రెండు మెట్లు దిగి, కొంతదూరము నడచి, మరల నొక గడప దాటవలెను. పిల్లలు దీనిని గమనింపనైన గమనింపరు. వారి అవ్వకు మాత్ర మది యొక ప్రయాణము. రాత్రి లేవవలసివచ్చునను భయముచే ప్రొద్దు క్రుంకినది మొదలు మంచినీరు మానుకొను వృద్ధులు కలరు. ఈ సంగతి వారు చెప్పరు, ఇంటివారు అడుగరు.

కాలుజారి తుంటియెముక విరిగిన పిమ్మట తాపీపనివానిని పిలుచుట సామాన్యముగా జరుగుచున్నది. క్రొత్తగా వేసిన సిమెంటును కనీసము 7 దినములు తడుపవలెను గదా! అంతవరకు ఆ రోగి యెచ్చటికి పోవలెను? కావున గోడలు ఏ కారణముచేతనైనను త్రవ్వించునపుడే ముందుచూపుతో ఈ మార్పులు చేయించుకొనవలెనని మా యభిప్రాయము.

మొదట ద్వారము. పాత స్నానపుగదుల ద్వారములు పెక్కు 2 లేక 2½ అడుగుల వెడల్పే యుండును. చక్రాల కుర్చీ యించుమించు 26, 27 అంగుళము లుండును. సర్వజనులకు అందుబాటుగా నుండు కట్టడములనుగూర్చి కేంద్రప్రభుత్వము 2021లో ప్రకటించిన మార్గదర్శకములలో ద్వారమునకు 900 మిల్లీమీటర్లు, అనగా దాదాపు 3 అడుగులు, అడ్డులేని వెడల్పు విధింపబడినది. కుర్చీ తిరుగుటకు 5 అడుగుల వలయము కావలెను. అంత చోటు పాత గదులలో అరుదు. పెరటిలో ఖాళీ యున్నచో ఒక గోడను వెలుపలికి జరుపవచ్చును. అయితే గుమ్మము వెడల్పు చేయునపుడు దానిపైనున్న దూలమును గూడ మార్చవలెను. పైభారమునకు ముందుగా ఊతకఱ్ఱలు పెట్టక ఇటుకలు తీయరాదు. తలుపు వెలుపలికి తెఱచుకొనవలెను. లోపలికి తెఱచుకొనునదైనచో, పడిపోయిన మనిషియే తలుపునకు అడ్డమై, సాయమునకు వచ్చినవారు లోనికి పోజాలరు.

ఇక గడప. నీరు బయటికి రాకుండుటకై గడప యుండవలెనని తాపీవారు వాదింతురు. నీటిని ఆపవలసినది నేల వాటముగాని గడప కాదు. 4 అడుగులకు 1 అంగుళము చొప్పున వాటమిచ్చి, ద్వారమునకు ఎదురుగోడ ప్రక్కన తూము పెట్టినచో చాలును. అంతకంటె ఎక్కువ వాటమైనచో కుర్చీ జారును. 5 అడుగుల గదికి ఈ లెక్కన నేల ఎంత దిగునో బాలబాలికలు తామే కట్టి చూడుడు. పెరటి మెట్లకు వాలుదారి వేయుటలో లెక్క వేఱు: 1 అంగుళము ఎత్తునకు 12 అంగుళముల పొడవు. 6 అంగుళముల మెట్లు రెండున్నచో 12 అడుగుల దారి కావలెను. దీనిని కుదించి నిటారుగా వేసినది మెట్లకంటె అపాయకరము.

అన్నిటికంటె శ్రద్ధ వహింపవలసినది గోడకు బిగించు పట్టుకమ్మి. దీనిని తువ్వాలు వ్రేలాడదీయు కమ్మివలె భావింతురు. పడబోవు మనిషి తన బరువంతయు ఒక్క క్షణములో దానిపై వేయును. అమెరికాదేశపు నియమము ప్రకారము అట్టి కమ్మి 250 పౌనుల బరువు నోర్వవలెను. పాత గోడలోని సున్నపుగచ్చు మెత్తనిది. అందులో ప్లగ్గు కొట్టి మరలు బిగించినచో ఊడివచ్చును. ఊడిపోవు కమ్మి యుండుటకంటె లేకుండుటయే మేలు, ఏలయన అది నమ్మించి పడవేయును. కమ్మి వచ్చుచోట ఇటుకలు తీసి కాంక్రీటు పోయించవలెను. లేనిచో గోడ ఆవలివైపున ఇనుపరేకు పెట్టి బోల్టులతో బిగింపవలెను. గోడకును కమ్మికిని నడుమ 1½ అంగుళము సందు విడువవలెను. అంతకు మించినచో చేయి జారి అందులో ఇఱుకుకొనును.

గొంతుకూర్చుండు దొడ్డికి బదులు కమోడు పెట్టునపుడు పీఠము ఎత్తు 17 మొదలు 19 అంగుళముల వఱకు ఉండవచ్చును. కాని వాడువారి అరికాలినుండి మోకాలి మడతవఱకు కొలిచి నిర్ణయించుట మేలు. పొట్టివారికి ఎత్తుపీఠము మీద కాళ్లు నేలకానవు. నేలకు నున్నని పలకలు వలదు. నీరు కాచు విద్యుత్పరికరమునకు ఎర్తు తీగయు, 30 మిల్లీయాంపియర్ల లీకునకే ప్రవాహము నాపు స్విచ్చియు తప్పనిసరి.

ధనము చాలనివారు కమ్మిని ఇప్పుడే కొననక్కఱలేదు. గోడ తెఱచియున్నపుడు కాంక్రీటు మాత్రము పోయించి, పలకలు అతుకకముందే దాని స్థానమును నేలనుండియు మూలనుండియు కొలిచి వ్రాసి, ఇంటి దస్తావేజులతో దాచవలెను. పదియేండ్ల తరువాత వచ్చు పనివానికి ఆ కాగితమే దారి చూపును.

ఈ సెలవులలో మా విద్యార్థులు తమ యింటి స్నానపుగది ద్వారము వెడల్పు, గడప ఎత్తు, మెట్ల లెక్క కొలిచి వ్రాసికొని రావలెను. కొలుచునపుడు అవ్వను, తాతను వెంట నుంచుకొని, ఎచ్చట ఏది పట్టుకొని నడచుచున్నారో అడిగి, గోడమీద ఆ చోట సుద్దతో గుర్తు పెట్టవలెను.