మేస్త్రీని నాలుగు రోజులు ఆపు

నాచారం, మే 24

చిట్టితల్లీ,

ఉప్పల్ ఇంటి పెరటి మూల ఎప్పుడూ తడిగానే ఉంటోందని, మేస్త్రీ సిమెంటు పోసేద్దామంటున్నాడని అన్నావు. ఫోనులో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నా. అతన్ని నాలుగు రోజులు ఆపు.

ముందు ఆ తడి ఎక్కడిదో చూడు. రాత్రి సంపు నింపి, నీటిమట్టం దగ్గర గీత గీసి, మోటారు వెయ్యకుండా పొద్దున్నే చూడు. మట్టం దిగితే సంపు కారుతున్నట్టే. దానికి మొక్క మందు కాదు. దిగకపోతే అవి గిన్నెలు తోమిన నీళ్లు, వాలుకు చేరిన వాన. అప్పుడు మెట్ట తామర పెట్టు.

నర్సరీవాళ్లు కన్నా అంటారు. పేరులో మెట్ట ఉన్నా ప్రాణమంతా తడి మీదే. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరులో ‘ఇండికా’ ఉంది గానీ, పుట్టిల్లు అమెరికా ఖండాలు. మనం రేకులనుకునే ఆ ఎర్రటివి రేకులే కావు, రూపు మారిన కేసరాలు. అసలు రేకులు కింద సన్నగా, ఎవరి కంటా పడకుండా ఉంటాయి. మీ పెదనాన్న ఇప్పటికీ నమ్మరు.

గింజలతో పెట్టుకోకు, ఆ నల్ల గుళ్ల పెంకు అరగదీస్తే గాని మొలవదు. మా గోడవారన ఉన్న దుంపలు తవ్వి ఇస్తా, ముక్కకో కన్ను ఉండేలా. మృగశిర రాకముందే నాలుగు వేళ్ల లోతున, మూరెడు ఎడంతో నాటు. నేను దగ్గరగా నాటితే రెండేళ్లకే దుంపలు ఒకదాని మీదొకటి ఎక్కి, పువ్వులు తగ్గిపోయాయి. అయిదారు గంటలైనా ఎండ తగలాలి. పూసిన కాడ మళ్లీ పూయదు, మొదలంటా కోసెయ్. పక్క పిలక అందుకుంటుంది. ఆకు చుట్టుకుపోతే విప్పి చూడు, లోపల పురుగుంటుంది. చేత్తో తీసెయ్, చాలు.

సబ్బునీళ్లకు చావదా అంటావు. నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరిలో 3,000 చదరపు అడుగుల తేలే మడి కట్టి, మురుగునీటి మీదే వట్టివేళ్లు, జమ్ముతో పాటు దీన్నీ పెంచారు. వేళ్లను పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మురికిని తింటాయి. నీ గిన్నెల నీళ్లు దానికో లెక్కా! కాకపోతే నీళ్లు మట్టిలో ఇంకాలి. పైన నిలిస్తే పువ్వుల కంటే ముందు దోమలొస్తాయి. ఫినాయిలు నీళ్లు మాత్రం మోరీలోకే పంపు.

ఆదివారం హబ్సిగూడ మీదుగా వస్తాం, గోనెసంచితో. గడ్డపార మీ ఇంట్లో ఉందా, మాదే తేవాలా?

నీ పెద్దమ్మ