ముందు కాగితం, తర్వాత నాగలి

నారాయణఖేడ్

చిరంజీవి బిడ్డకు,

పట్నంగా మారుతున్న ఖేడ్‌లో ఖాళీ జాగాలను కాపాడి, బస్తీవాళ్లతో కలిసి వాటిలో కూరగాయలు, చిరుధాన్యాలు పండించే సంస్థకు నువ్వు పెద్ద దిక్కువయ్యావు. సంతోషం. తొలకరికే నాలుగు వార్డుల్లో విత్తనం పడాలన్న నీ తొందర నాకు అర్థమవుతోంది. కానీ నా మాట వేరు. ఈ పనిలో పంట రెండోది. భూమి మీద హక్కు ఎవరిది, ఆ హక్కు ఏ కాగితం మీద ఉంది, ఆ కాగితం ఎన్నేళ్లు నిలుస్తుంది అన్నది మొదటిది. సంస్థ నడిపేవాళ్లు తమ పొద్దులో సగం దీనికే పెట్టాలి. ఎరువు, విత్తనం సంగతి తెలిసినవాళ్లు మన దగ్గర ఏ తండాలో అడిగినా దొరుకుతారు. పహాణీ, ఈసీ, లేఅవుట్ నక్షా పక్కపక్కన పెట్టుకుని చదవగలిగినవాళ్లకే కరువు.

కాగితం గురించి నేను చెప్పేది ఉత్త భయం కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళితులు 80 ఎకరాలు అడిగితే భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు. వినోబా భూదానోద్యమం అక్కడే పుట్టింది. ఆ తర్వాత దేశమంతటా లక్షల ఎకరాలు దానంగా వచ్చాయి. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో 1965లో దానికో చట్టం, ఒక బోర్డు కూడా ఏర్పడ్డాయి. అయినా వచ్చిన భూమిలో కొంత సాగుకు పనికిరానిది, కొంత తగాదాల్లో ఉన్నది, కొంత ఎవరికీ పంచనే లేదు. హైదరాబాద్ చుట్టూ ధరలు పెరిగాక భూదాన్ భూముల మీద కబ్జాలు, కేసులు ఎన్ని వచ్చాయో పేపర్లు చదివేవాళ్లందరికీ తెలుసు. ఇచ్చినవాళ్ల మనసులో లోటు లేదు. హద్దు రాయి పాతించి, పేరు రికార్డుకు ఎక్కించే ఓపికే చాలా చోట్ల లేకపోయింది.

అదే భూదాన్, దాని వెంట వచ్చిన గ్రామదాన్ (ఊరి భూమి ఊరందరిదీ అనే) ఆలోచన సముద్రం దాటి అమెరికాకూ వెళ్లింది. 1969లో జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతుల కోసం ‘న్యూ కమ్యూనిటీస్’ అనే సంస్థ దాదాపు 5,700 ఎకరాలు కొని, అమ్ముకోవడానికి వీల్లేని ఉమ్మడి భూమిగా పెట్టింది. అక్కడ కాగితం గట్టిదే. కానీ కరువు వచ్చింది. ప్రభుత్వం నుంచి రావాల్సిన అత్యవసర రుణం సమయానికి అందలేదు, అప్పులు మీద పడ్డాయి, 1985లో భూమి చేజారింది. న్యూయార్క్‌ది ఇంకో రకం కథ. అక్కడి పేటల్లో జనం చెత్త ఎత్తి, మట్టి తెచ్చి పెంచిన తోటలు చాలావరకు నగరపాలక సంస్థ స్థలాల్లో తాత్కాలిక అనుమతి మీద ఉండేవి. 1999లో మేయర్ 114 తోటలను వేలానికి పెట్టాడు. జనం ఉన్నారు, పంట ఉంది, హక్కే లేదు. చివరికి రెండు సంస్థలు డబ్బు పోసి కొంటే గానీ ఆ తోటలు దక్కలేదు. ఒకచోట పట్టా ఉండి అప్పు వల్ల పోయింది, ఇంకోచోట పట్టా లేక పోబోయింది. అందుకే నీ సంస్థ బైలాల్లో ‘ఈ భూమిని అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు’ అన్న రెండు మాటలు మొదటి రోజే రాయించు. కరువు ఏడాదికని కొంత నిధి పక్కన పెట్టు.

అంత దూరం ఎందుకు, పక్కనున్న జహీరాబాద్‌నే చూడు. పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనగానే అందరికీ జొన్నలు, కొర్రలు, పాత పంటల జాతర గుర్తొస్తాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చినప్పుడూ, 2023లో దాన్ని స్థాపించినవాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ కన్నుమూసినప్పుడూ పత్రికలు చిరుధాన్యాల గురించే రాశాయి. నాకు మాత్రం అందులో భూమి సంగతే పెద్దదిగా కనిపిస్తుంది. పేదల పేరున ఉండి దున్నే స్తోమత లేక పడావు పడిన చెలకలతో వాళ్ల పని సాగింది. 1990ల్లో ఆ చెలకలు బాగుచేసుకోవడానికి మహిళా సంఘాలు అప్పు ఇచ్చాయి. తిరిగి తీర్చింది రూపాయల్లో కాదు, జొన్నల్లో. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ ఉండి పేద ఇళ్లకు తక్కువ ధరకు అందాయి. ఎవరు ఎంత పేదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. భూమి లేని ఆడవాళ్లు గుంపుగా కౌలుకు తీసుకున్నారు. చేను మీద హక్కు, ధాన్యం మీద తీర్పు రెండూ ఆ ఆడవాళ్లవే కాబట్టి, ఆఫీసులో పెద్ద ఎవరు మారినా చేను ఎక్కడికీ పోదు.

ఇక మన ఖేడ్. 2018లో మున్సిపాలిటీ అయ్యాక ఊరి చుట్టూ వెంచర్ల రాళ్లు లేస్తూనే ఉన్నాయి. ఇక్కడ నీకు దొరికే భూమి మూడు రకాలు. ఎవరైనా ఇచ్చే పట్టా భూమికి గిఫ్ట్ డీడ్ రిజిస్టరు కావాలి. రిజిస్టరు కాని సాదా బైనామా చూపించి ‘మనదే’ అంటే నమ్మకు. రెండోది, పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమి. దాని జోలికి అసలే పోకు. 1977 చట్టం ప్రకారం దాన్ని కొనడమే కాదు, కౌలుకు తీసుకోవడం కూడా చెల్లదు. మూడోది లేఅవుట్లలో వదిలే పది శాతం ఖాళీ జాగా. నాలుగెకరాల వెంచర్‌లో అది 16 గుంటలు, గుంటకు 121 గజాల లెక్కన 1,936 గజాలు. ఆ జాగా మున్సిపాలిటీది, అందరిదీ. పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. ఆ తీర్పు నీకు అండ, నీకు హద్దు కూడా. కంచె వేసి గేటుకు తాళం పెడితే నువ్వూ కబ్జాదారువే అవుతావు. అందుకని సొంతం అడగకు. సంరక్షణ అడుగు, అదీ కౌన్సిల్ తీర్మానంతో, గడువు రాసిన ఒప్పందంతో. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టమంది. ఫొటో దిగి మరిచిపోయే మొక్కల కంటే రోజూ నీళ్లు పోసే మనుషులున్న మడులు ఆ డబ్బుకు మేలని కౌన్సిల్‌కు లెక్కతో చూపించు.

కాగితాలు కదిలేసరికి ఏళ్లు పడతాయి, అప్పటికి జనం చల్లబడిపోతారు అంటావు. నిజమే. దానికి మందు పంటను కాగితానికి సరిపెట్టడం. నోటి మాట అనుమతి ఉన్న చోట తోటకూర, మెంతి వెయ్యి, నెలకు చేతికొస్తాయి. ఏడాది ఒప్పందం ఉంటే కంది వెయ్యి. మామిడి, చింత నాటాలంటే ఏళ్ల తరబడి చెల్లే కాగితం చేతిలో ఉండాలి. చుట్టూ పొలాలే ఉన్న ఖేడ్‌లో ఈ గుంటల సేద్యం ఎందుకని నవ్వేవాళ్లూ ఉంటారు. వాళ్లు చూపించే పొలాల్లో ఎన్ని పత్తి చేన్లో, బస్తీలో కూలి చేసుకునే ఇంటికి వాటిలో ఒక్క మడైనా ఉందో లేదో అడుగు. పైగా జాగా చవకగా ఉన్నప్పుడే కాపాడాలి. హైదరాబాద్ చెరువులను 2024లో హైడ్రా అనే ప్రభుత్వ సంస్థను పెట్టి బుల్డోజర్లతో వెతుక్కోవాల్సి వచ్చింది. మూడో అభ్యంతరం నాకూ బరువుగానే తోస్తుంది. కాగితాలన్నీ సంస్థ చేతికొస్తే సంస్థే కొత్త పటేల్ అయి కూర్చోదా? కూర్చోవచ్చు. అందుకే మడి చేసేవాళ్లకు కమిటీలో సగానికి పైగా చోటు ఇవ్వు. నీ పదవికి కూడా గడువు పెట్టు. కాగితాల నకళ్లు వాళ్ల ఇళ్లలోనే ఉండనీ.

ఈ వానాకాలంలోపు ఒక్క పని చెయ్యి. మున్సిపాలిటీ నుంచి లేఅవుట్ నక్షాలు తీసుకుని, సర్వేయర్‌ను వెంటబెట్టుకుని మోకా మీదికి వెళ్లి, కాగితం మీదున్న ఖాళీ జాగాలో నిజంగా ఎన్ని గుంటలు మిగిలాయో కొలిపించు. వార్డువారీగా ఆ పట్టిక రాసి కౌన్సిల్ ముందు పెట్టు. విత్తనాల మాట ఆ తర్వాత.

ఆశీస్సులతో,
నీ పెద్దబాపు