ఆవకాయ సీసాను ఎందుకు ఆపుతారు?

ప్రశ్న: అమెరికాలోని అమ్మాయికి తీసుకెళ్తున్న ఆవకాయను చేతిసంచిలోంచి తీయించేశారు. రుచి చూసి చూపిస్తానన్నా వినలేదు. తిండి మీద కూడా అంత అనుమానమా?

జవాబు: అనుమానం మీ మీదా కాదు, ఆవకాయ మీదా కాదండీ. శీతల పానీయాల సీసాల్లో ద్రవరూప పేలుడు పదార్థాలు దాచి, లండన్ నుంచి అట్లాంటిక్ దాటే విమానాలను పేల్చాలన్న కుట్ర 2006 ఆగస్టులో బయటపడింది. అంతర్జాతీయ ప్రయాణాల్లో చేతిసంచిలోని ద్రవాలకు పెట్టిన 100 మిల్లీలీటర్ల పరిమితి దాని ఫలితమే. పాత ఎక్స్-రే తెర మీద సీసా ఆకారం, సాంద్రత తెలుస్తాయి కానీ లోపలున్నది నూనో మరొకటో కచ్చితంగా తేలదు. ముక్కల మీద వేలెడు మందాన తేలే నూనే కాదు, అడుగున ముద్దగా ఉన్న గుజ్జు కూడా ద్రవం లెక్కలోకే వస్తుంది. పెద్ద సీసాలో రెండు చెంచాలే మిగిలినా చూసేది సీసా కొలతనే.

ఇది మొరటు నిబంధన అంటే కాదనను. రుచి చూస్తానన్న పెద్దావిడను వదిలేయొచ్చుగా అనీ అడగొచ్చు. కానీ ముఖం చూసి ఒకరిని వదిలి ఇంకొకరిని ఆపే అధికారం సిబ్బందికిస్తే, ముందు నష్టపోయేది పేరు, గడ్డం, తలపాగా చూసి అనుమానించబడేవాళ్లే. అందరికీ ఒకటే కొలత ఉండటం అంతకన్నా నయం. లోపలున్నదాన్ని ఇంకా బాగా చూపే సీటీ స్కానర్లు వచ్చాక బ్రిటన్‌లో కొన్నిచోట్ల ఈ పరిమితిని సడలించారు కూడా.

ఈసారికి సీసాను గట్టిగా మూసి, రెండు కవర్లు చుట్టి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. దిగాక కస్టమ్స్‌లో తిండి ఉందని చెప్పండి. మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, అక్కడ తీసేసుకుంటారు.