చివరి గదికి రెండో రౌటరు

మా ఉద్దానం ఇళ్లకు వెడల్పు తక్కువ, పొడవెక్కువ. వీధి అరుగు నుంచి పెరటి గుమ్మం దాకా గదులు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఇంటర్నెట్టు తీగ వీధివైపు నుంచి వస్తుంది గనుక మా రౌటరు ముందుగదిలో పెట్టారు. మామ్మ ఉండేది చివరి గదిలో. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకొని వచ్చిన రోజున ఆమె మంచం దిగలేదు. ఓడలో పనిచేసే మా చిన్నాన్న రేవు చేరినప్పుడే ఫోను చేస్తాడు. ఒక రాత్రి, “ఏటిరా, బొమ్మ ఆగిపోనాది, మాట ఇనబడ్డం నేదు” అంటూ మామ్మ ఫోను నా చేతిలో పెట్టేసింది. నేను చదివే ఫిజిక్సు ఇంటికి పనికిరాదా అనిపించింది.

వైఫై కూడా వెలుగులాగే విద్యుదయస్కాంత తరంగం. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్‌ది 6 సెంటీమీటర్లు. ఆరుబయట దూరం రెట్టింపయితే తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. ఇంట్లోనైతే ప్రతి గోడా మరికొంత మింగుతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి ఈ నష్టం ఇంకా ఎక్కువ. ఇనుప బీరువా అడ్డుంటే చెప్పనక్కర్లేదు.

“ఇంకా పవరున్న రౌటరు కొను” అన్నారు కొందరు. కాని మాట రెండువైపులా నడవాలి కదా! రౌటరు కేక ఫోనుకి వినబడినా, ఫోను చిన్నగొంతు రౌటరుకి చేరదు. రిపీటరుకి తీగ అక్కర్లేదు గాని, ఒకే రేడియోతో విని మళ్లీ చెప్పాలి గనుక వేగం దాదాపు సగమవుతుంది. కాబట్టి చివరి గదిదాకా తీగ లాగి, అక్కడ రెండో రౌటరు పెట్టడమే మేలు. ఈథర్నెట్ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. మా ఇంటికి 25 మీటర్లు సరిపోయింది.

చేయవలసిన పని ఇది:

1. రెండో రౌటరును విడిగా కంప్యూటరుకి కలిపి దాని చిరునామా మార్చాలి. మొదటిది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వవచ్చు.

2. అందులో డీహెచ్‌సీపీ ఆపివేయాలి.

3. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు పెట్టాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి 1వ ఛానెలు, రెండోదానికి 11వ ఛానెలు ఇస్తే ఒకదాని మాటకు మరొకటి అడ్డురాదు.

4. తీగను రెండువైపులా ల్యాన్ రంధ్రాల్లోనే గుచ్చాలి. రెండోదాని వ్యాన్ రంధ్రం ఖాళీగా వదిలేయాలి.

మొదటిరోజు నేను రెండో అంశం మరిచాను. ఫోన్లకు చిరునామాలిచ్చే పని డీహెచ్‌సీపీది. ఊళ్లో ఇద్దరు కరణాలు చేరి ఒకే నంబరు పట్టా ఇద్దరికి రాసిచ్చినట్టయింది. ఒక ఫోను పనిచేస్తే మరొకటి మూగబోయింది. అది ఆపాక అంతా సర్దుకుంది.

మళ్లీ చిన్నాన్న ఫోను చేసినప్పుడు మామ్మ మంచం మీదనుంచే అరగంట మాట్లాడింది. “అన్నం తిన్నావా?” అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ జవాబు తెగకుండా వచ్చింది.

సెలవులకు ఊరెళ్లే మిత్రులు ముందుగా ఇల్లు కొలుచుకొని, ఆ కొలత ప్రకారం తీగ కొనవలసిందిగా నా మనవి.