నిద్ర దగ్గర మొదలుపెట్టు

హనుమకొండ

చెల్లీ,

ఫోన్ చేస్తే మరిది పక్కనే ఉంటాడు, నువ్వు ఊఁ కొట్టి పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

మొన్న తార్నాకలో మీ ఇంట్లో చూశాను. నువ్వు పెట్టిన ఉప్మా చెంచాతో అటూ ఇటూ జరిపి లేచిపోయాడు. లైబ్రరీకని బయల్దేరి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదే పొద్దుగూకేదాకా కూర్చుంటున్నాడని నువ్వే చెప్పావు. నెలల నుంచి నిద్ర లేదు, థీసిస్ ముట్టలేదు. ఇది బద్ధకం కాదమ్మా. జబ్బా కాదా అన్నది డాక్టరు తేల్చాలి, మనం పేరు పెట్టొద్దు.

"మీకు మెంటల్ ప్రాబ్లం ఉంది, పదండి" అంటే కదలడు. తను నోరు తెరిచి చెప్పుకునేది నిద్ర గురించే గదా, అక్కడ పట్టుకో. "నిద్ర పట్టట్లేదంటున్నారు, ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తా" అను. అత్తయ్య ముందు వద్దు. సాయంత్రం క్యాంపస్‌లో నడుస్తూ చెప్పు. పక్కపక్కన నడిచేటప్పుడు మొహాలు చూసుకోనక్కర్లేదు, కష్టమైన మాటైనా బయటికొస్తుంది.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు ముందే ఎత్తకు. అక్కడ ఓపీలో చూపించుకుని మందులతో ఇంటికొచ్చేవాళ్లు రోజూ ఎందరో. కానీ మనవాళ్లు ఆ పేరును తిట్టు చేసేశారు, నాకు చాలా బాధ. గాంధీ ఆసుపత్రిలో కూడా సైకియాట్రీ ఉంది, మీకు దగ్గర. అన్ని జబ్బులవాళ్లూ వచ్చే చోటు, తెలిసినవాళ్లు ఎదురైనా ఎందుకొచ్చారో తెలియదు. థైరాయిడ్ తేడా వల్ల కూడా ఇలా ఉండొచ్చు, రక్తపరీక్ష గురించి అడుగు. గైడ్‌కు తెలుస్తుందని భయపడితే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పు.

మందులు రాస్తే గుణం కనపడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు, మధ్యలో మాననివ్వకు. ఒప్పుకోకపోతే అన్నంలో కలిపి పెట్టే పని మాత్రం చేయకు. తెలిసిన రోజున నీ చేతి నీళ్లు కూడా నమ్మడు.

ముందు నువ్వే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పలుకుతారు. ఇంట్లోవాళ్లు కూడా అడగొచ్చు. నీ నిద్ర సంగతీ చెప్పు, నువ్వూ చిక్కిపోయావు.

"నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట వస్తే తేలిగ్గా తీసుకోకు. చావాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రాత్రే క్యాజువాలిటీకి తీసుకెళ్లు, నాకూ ఫోన్ చెయ్యి.

ఆదివారం సాయంత్రానికి వస్తా. సోమవారం మీరిద్దరూ పొద్దున్నే ఓపీకి వెళ్లండి, బాబును నేను బడికి పంపుతా.

మీ అక్క