ప్రాణిదేహంలోని రక్షణాస్త్రం

సిస్టిక్ ఫైబ్రోసిస్ తల్లిదండ్రులిరువురి నుండి సంక్రమించే జన్యువ్యాధి. ఈ వ్యాధిగ్రస్తుల శ్వాసనాళాలలో శ్లేష్మం చిక్కబడుతుంది. అందులో తిష్ఠవేసిన సూడోమోనాస్ వంటి సూక్ష్మజీవులు క్రమంగా యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా పోతాయి. అప్పుడు రోగికి దిక్కేది?

జంతుదేహాలలో సహజంగా లభించే సూక్ష్మజీవినాశక ప్రోటీన్లు ఇక్కడ ఆశను కల్పిస్తున్నాయి. హైదరాబాదులో ఇ.ఎస్.పి. రెడ్డి, పుష్పమిత్ర భార్గవ ఆబోతు వీర్యద్రవంలోని 'సెమినల్‌ప్లాస్మిన్' అనే ప్రోటీన్ ఇ.కోలై బాక్టీరియాను అరికడుతుందని 1979లో 'నేచర్' పత్రికలో వెల్లడించారు. 1987లో అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ కప్ప చర్మంలో 'మగైనిన్' అనే చిన్న ప్రోటీన్లను కనుగొన్నారు. ధనావేశం గల మగైనిన్లు ఋణావేశం గల బాక్టీరియా పొరను ఛేదిస్తాయి.

అయితే రోగి శ్లేష్మంలో పేరుకొన్న డి.ఎన్.ఎ. ఇట్టి ప్రోటీన్లను బంధించి నిర్వీర్యం చేయగలదు. ఆ అవరోధాన్ని అధిగమించిననాడే ప్రయోగశాలలోని అస్త్రం రోగికి ఔషధమవుతుంది.