పోటీ పరీక్షల ప్రత్యేకం: కాన్‌స్టబుల్ చిత్రము ‘ది హే వైన్’

ఆంగ్ల ప్రకృతిదృశ్య చిత్రకారులలో అగ్రగణ్యుఁడైన జాన్ కాన్‌స్టబుల్ (1776–1837) రచించిన ‘ది హే వైన్’ అను తైలవర్ణ చిత్రము, సఫోక్, ఎసెక్స్ మండలముల సరిహద్దున ప్రవహించు స్టౌర్ నదిలో, చిత్రకారుని తండ్రి నడపిన ఫ్లాట్‌ఫర్డ్ మర చెంత, గుఱ్ఱములు పూన్చిన రిక్త శకటమొకటి లోతులేని నీట నిలిచియున్న మధ్యాహ్నవేళను కన్నులకుఁ గట్టించును. ఎడమవైపునఁ గనవచ్చు గృహము విల్లీ లాట్ అను కృషీవలునిది.

పటము ఎత్తు సుమారు 130, వెడల్పు 185 సెంటీమీటర్లు. పురాణగాథలకును, చారిత్రక ఘట్టములకును మాత్రమే అంతటి విశాల పటము తగునని పెద్దలు తలచుచుండిన కాలమున, ఒక సామాన్య గ్రామదృశ్యమునకు ఆ గౌరవము నొసఁగుట నిజముగా సాహసమే. అంతకును మించినది ఇందలి ఆకసము: మేఘముల గతిని శాస్త్రజ్ఞుని శ్రద్ధతోఁ బరిశీలించి, ఆరుబయట నిలిచి వానిని పదేపదే చిత్రించిన ఆ చేతి నైపుణ్యము వలననే, వెలుఁగునీడలు పచ్చికబయలుపై ఇప్పటికిని కదలుచున్నట్లు తోఁచును.

1821లో లండన్ రాయల్ అకాడమీయందు ‘ప్రకృతిదృశ్యము: మధ్యాహ్నము’ అను పేరఁ బ్రదర్శింపఁబడి, కొనువారు లేక మిగిలిన ఈ చిత్రమే, 1824 నాఁటి పారిస్ సలోన్‌లో ఫ్రాన్సు రాజగు పదవ చార్లెస్ స్వర్ణపతకమును గడించి, దెలక్రువా వంటి మహాచిత్రకారుని ముగ్ధుని గావించెను. స్వదేశము కంటె ముందు పరదేశమే దాని విలువ నెఱింగినదనుట అతిశయోక్తి కాదు.

1886 నుండి ఇది లండన్ నేషనల్ గ్యాలరీకి చెందినది. దీనికై వేసిన పూర్తిపరిమాణపు చిత్తుచిత్రము విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియమున నున్నది; పరీక్షార్థులు ఈ రెండింటిని తారుమారు చేయరాదు.